అనుకున్నచోట పడని గీత



లేబొరేటరీ రిపోర్టు చేతికొస్తే "ఉంది", "లేదు" అన్న ఒక్క మాట కోసమే వెతుక్కుంటాం. చాలా పరీక్షల్లో ఆ మాట చెప్పేది యాంటీబాడీ. మరి ఆ యాంటీబాడీ పట్టవలసినదాన్నే పడుతోందా అని ముందుగా ఎవరో చూడాలి కదా! అలా చూసే పద్ధతుల్లో ఒకటి వెస్టర్న్ బ్లాట్. ఈ పూట దాని సంగతి చెప్పుకుందాం.

పేరు విని ఇదేదో పడమటి దేశాల తంతు అనుకోకండి. 1975లో ఎడ్విన్ సదరన్ అనే శాస్త్రజ్ఞుడు డి.ఎన్.ఏ.ను గుర్తించే పద్ధతి ప్రకటిస్తే దానికి ఆయన ఇంటిపేరే స్థిరపడింది. సదరన్ అంటే దక్షిణం కనుక, ప్రోటీన్ల పద్ధతికి 1981లో నీల్ బర్నెట్ సరదాగా 'వెస్టర్న్' అని పేరు పెట్టారు.

ప్రోటీన్లను సబ్బులాంటి పదార్థం కలిపి వేడిచేస్తే వాటి మడతలు విడిపోతాయి. వాటిని జెల్లీలాంటి పలకలో పోసి కరెంటు పెడతారు. చిన్నవి గబగబా కిందికి జారిపోతాయి. పెద్దవి పైనే నిలిచిపోతాయి. అప్పుడు వాటిని ఒక పొర మీదికి దింపి యాంటీబాడీ పోస్తారు. అది పట్టుకున్నచోట గీత కనబడుతుంది. పక్కనే తూకపురాళ్లలా తెలిసిన ప్రోటీన్లుంటాయి. వాటితో పోల్చి, గీత ఇన్ని కిలోడాల్టన్ల దగ్గర పడిందని లెక్క కడతారు.

గీత అనుకున్నచోట పడకపోతే యాంటీబాడీ పనికిరాదనేనా? తొందరపడకూడదు. తిరనాళ్ల జనంలో చంకన పిల్ల, చేతిలో సంచి ఉన్న ఆవిడ వెనకబడుతుందా లేదా? అలాగే కొన్ని ప్రోటీన్లు చక్కెర గొలుసులు తగిలించుకుని బరువెక్కుతాయి. గీత పైన పడుతుంది. రెండు విడిపోకుండా జంటగా ఉండిపోతే రెట్టింపు బరువు దగ్గర కనబడుతుంది. తెగి ముక్కలైతే కిందికి పోతుంది. కొన్నింటిది నడకే నెమ్మది. కాన్సరు పరిశోధనలో పేరున్న పి53 ప్రోటీను అసలు బరువు సుమారు 44 కిలోడాల్టన్లే. ప్రోలిన్ ఎక్కువగా ఉన్న భాగం వల్ల నెమ్మదిగా జారి 53 దగ్గర ఆగింది. ఆ తప్పు తూకమే దాని పేరైపోయింది!

ఇవేవీ కాక, యాంటీబాడీ వేరే ప్రోటీన్నే పట్టుకునుండవచ్చు. ఒకే రంగు చీర చూసి మన వదినే అనుకుని పరాయి ఆవిణ్ణి పిలిచినట్టు! సరైనచోట గీత పడ్డా పూర్తిగా నమ్మడానికి లేదు. ఒకే బరువున్నవి ఎన్నో ఉంటాయి. అందుకని ఆ ప్రోటీన్ను తయారుచేసే జన్యువును తీసేసిన కణాలతో మళ్లీ చేస్తారు. గీత మాయమైతే యాంటీబాడీ నిజం చెప్పినట్టు. అలాగే ఉంటే అది మరొకదాన్ని పట్టుకుందన్నమాట. చక్కెర వల్లనే పైకి పోయిందనుకుంటే, ఎంజైముతో చక్కెర ఊడదీసి గీత కిందికి దిగిందా అని చూస్తారు.

ఇంత చాదస్తం దేనికంటారా? ఈస్ట్రోజన్ రిసెప్టర్ బీటా అనే ప్రోటీను 1996లో బయటపడింది. రొమ్ము కాన్సరులో దాని పాత్ర మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు దాన్ని పట్టే యాంటీబాడీలు 13 తీసుకుని పరీక్షిస్తే, కణజాలంలో దాన్ని మాత్రమే సరిగ్గా పట్టింది ఒక్కటే. అదీ ఎవరూ అంతగా వాడనిది! దానితో చూస్తే మామూలు రొమ్ము కణజాలంలోనూ, రొమ్ము కాన్సరులోనూ బీటా కనబడలేదు. ఆడవాళ్ల జబ్బు మీద పడ్డ ఎంత శ్రమ దారి తప్పిందో చూశారా!

అయితే భయపడకండి. రొమ్ము కాన్సరు రోగులకు ఆస్పత్రుల్లో మామూలుగా చూసేది బీటా కాదు, ఆల్ఫా. ఆ రిపోర్టును ఈ కథతో ముడిపెట్టి మందులు మానకూడదు. సందేహముంటే డాక్టరుగారిని నిస్సంకోచంగా అడగండి. పప్పులో రాయి ఏరేవాళ్లం మనం. గీత కనబడగానే సరిపెట్టుకోకుండా, అది దేని గీతో తేల్చుకోవాలన్న శాస్త్రజ్ఞుల పట్టుదల మనకు తెలియనిది కాదు.