పండుగ మరునాటి చేపల పులుసు



ఉగాది సభలో చేపల మాటేమిటని పెద్దలు కోప్పడవద్దు. పండుగ మరునాడు, కన్నడసీమవారు హొసతొడకు అనే నాడు, మా జవళగిరి ఇంట నీచు వండడం రివాజు. సముద్రం మాకు బహుదూరం. పచ్చిచేప కావాలంటే 1950వ దశకంలో దక్షిణ పినాకినిపై కట్టిన కృష్ణగిరి ఆనకట్టకు పోవాలి. అక్కడి అంగళ్ళలో కారం పట్టించి కళ్ళెదుటే వేయించి ఇస్తారు.

మేము రైల్వే గుమాస్తాలము. కిందటేడు ఎలాగో సెలవు దొరికి ఊరికి పోయాము. బెంగుళూరునుంచి మా బావమరిదీ వచ్చాడు, చేతిలో ద్రాక్షసారాయం సీసాతో. స్పెయినులో చిన్న చిన్న పళ్ళేలలో రొయ్యలు, ఆల్చిప్పలు వడ్డించి ‘తపాస్’ అంటారట. ఆ మాటకు మూత అని అర్థం. గలీసియా తీరంలో వాటికి అల్బరీనో అనే తెల్లని సారాయం, దక్షిణాన షెర్రీ జోడు. పులుపు నీచును విరుస్తుందని అతడి వాదం. మనం చింతపండు పిసికేదీ అందుకే గదా!

సీసా చూడగానే మా అమ్మ గరిటె అక్కడే పెట్టి లోనికి పోయింది. మా నాయనను తాగుడే పొట్టన పెట్టుకొన్నది. ఆయన నంజుకొన్నదీ వేయించిన చేపే. 1937 అక్టోబరులో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధం మొదలుపెట్టింది మేముండిన అప్పటి సేలం జిల్లాలోనే. అది మా గడప మాత్రం ఎక్కలేదు.

బావమరిది మారుమాటాడక సీసాను సంచిలో పెట్టేశాడు. కాసేపటికి అమ్మే వచ్చి, అతడి విస్తట్లో రాగిసంగటి పెట్టి, పులుసులోని తలకాయ అతడికే వేసి, “తిను నాయనా, చల్లారిపోతుంది” అన్నది.

ఈ ఏడూ ఆనకట్ట చేపే తెస్తున్నాము. అతడూ వస్తున్నాడు. సీసా మాట అతడెత్తలేదు, మేమూ ఎత్తలేదు.