వీస్ దేవాలయము

బవేరియాలో ఆల్ప్స్ పర్వతపాదమున, స్టైన్‌గాడెన్ గ్రామసమీపమందలి పచ్చికబయళ్ళ నడుమ నిలిచిన వీస్ దేవాలయమునకు మూలము, శ్రోతలారా, ఒక పరిత్యక్త ప్రతిమ. గుడ్‌ఫ్రైడే ఊరేగింపుకొఱకై 1730లో కొయ్యముక్కలు కూర్చి, కీళ్ళకు గుడ్డ చుట్టి, రంగు పూసి చేసిన ఆ కశాఘాతపీడిత క్రీస్తు రూపము చూడజాలనంత దయనీయమని తలచి, కొన్నేండ్లకే అటకెక్కించిరి. 1738లో దాని కన్నులు చెమర్చుట ఒక రైతు ఇల్లాలు చూచినదన్న వార్త పొక్కగా యాత్రికులు తండోపతండములుగా వచ్చిరి.

1745లో డొమినికుస్ జిమ్మర్మన్ ఆరంభించిన ఆలయము వెలుపల నిరాడంబరము. లోపలనో, అండాకారమండపము, జంటస్తంభములు, తెలుపు బంగారు వన్నెల గచ్చుపని. అతని యన్న యోహాన్ బాప్టిస్ట్ చిత్రించిన పైకప్పున ఇంద్రధనుస్సుపై క్రీస్తు ఆసీనుడు. ఒకవంక శూన్యమైన తీర్పు సింహాసనము, వేఱొకవంక మూసిన నిత్యత్వద్వారము. రాతికప్పని భ్రమింపజేయు ఈ వితానము నిజమునకు దూలములకు వ్రేలాడు చెక్కబద్దలపై సున్నపుపూతయే. నా దృష్టిలో శిల్పి చాతుర్యమంతయు ఇక్కడనే యున్నది. పీఠముపై నేటికిని ఆ పాత కొయ్యప్రతిమయే కలదు. 1754లో పని ముగిసినను జిమ్మర్మన్ ఆ చోటు విడువలేక, ప్రక్కనే ఇల్లు కట్టుకొని 1766లో అక్కడనే కన్నుమూసెను.