పాత వీణకు వెల కట్టుట

చేతితో చేసిన వస్తువునకు అచ్చు గ్రుద్దిన వెల ఉండదు. బియ్యమును తూచి కొందుము. బట్టను కొలిచి కొందుము. వీణను మాత్రము విని కొనవలెను. ఒకే పనివాడు ఒకే మాను నుండి చేసిన రెండు వీణలైనను ఒక్క తీరున పలుకవు. అందునను ఒకరు వాడి విడిచిన వీణ యైనచో, దాని వెలలో కొయ్య యెంత, పనితన మెంత, అమ్మువారి మాట యెంత యని విడదీయుట మరింత కష్టము.

క్రొత్త వీణ కావలెనన్న పనివారికి చెప్పి చేయించుకొని, కొంతకాలము వేచి యుండవలెను. కనుకనే పెక్కు కుటుంబములు పాత వీణ వైపు చూచును. మెదక్ దారిలోని నర్సాపూర్ వంటి ఊరినుండి హైదరాబాదు పోయి, ఒక్క పూటలో చూచి, సొమ్ము చెల్లించి, వీణను ఇంటికి తెచ్చుకొనువారికి మరల మార్చుకొను వీలు తక్కువ. పోయినది సొమ్మొక్కటే యైనచో కొంత నయము. నేర్చుకొను బాలికకు అపస్వరము తన వేలిదో, వాద్యముదో తెలియదు. తప్పు తనదే యనుకొని నెలల తరబడి శ్రమించి, తుదకు తనకు సంగీతము రాదని విడిచిపెట్టును. చెడ్డ వీణ వలన కలుగు అసలు నష్టము ఇదియే.

వీణను చూచునప్పుడు దోషములను రెండు తెగలుగా విభజింపవలెను: బాగుచేయగలవి, బాగుచేయరానివి. బాగుచేయరానివి సామాన్యముగా కొయ్యలో నుండును. మన వీణలు పనస కొయ్యతో చేయుదురు. విజయనగరము జిల్లాలోని బొబ్బిలి వీణలకు ప్రసిద్ధి. అచ్చటి పనివారు కుండను, దండిని ఒకే దుంగనుండి తొలిచి చేయు వీణను ఏకాండి వీణ యందురు. భాగములను వేరువేరుగా చేసి అతికిన వీణలును కలవు. అతుకు ఉన్నంత మాత్రమున వీణ చెడ్డది కాదు. కాని కుండను దండి కలియు చోట అతుకు విచ్చినదేమో వ్రేలితో తడివి చూడవలెను. కుండపై మెల్లగా తట్టినచో శబ్దము అంతటను ఒక్క తీరున రావలెను. ఒక చోట జీరబోయినచో అచ్చట బీట యున్నదని అనుమానింపవచ్చును. పుచ్చుపొడి రాలుచున్న వీణను ఎంత చౌకయైనను ఇంటికి తేరాదు.

తంత్రులు ఏండ్ల తరబడి లాగుటచే దండి వంగవచ్చును. దీనిని కనుగొనుటకు ఒక దారమును బిగించి పట్టి చూతురు. అయితే ఆ దారమును మెట్ల తలలపై పట్టినచో లాభము లేదు. మెట్లు మైనములో నిలిచి యుండును గనుక, వంగిన దండిపై మైనము దళసరిగా పోసి మెట్లన్నిటిని సమముగా నిలుపవచ్చును. దారమును దండి అంచు వెంట పట్టవలెను. నడుమ వెలుతురు కనిపించినచో దండి వంగినదని తెలియును.

ఇక బాగుచేయగల దోషములు. వీణకు 24 మెట్లు. స్థాయికి 12 వంతున రెండు స్థాయిలు. సారణి తంత్రిని ముందు వట్టిగా మీటి, పిదప 12వ మెట్టున నొక్కి మీటవలెను. సరిగా పై షడ్జము పలుకవలెను. 24వ మెట్టున దానికి పై షడ్జము పలుకవలెను. ఈ రెండును కుదిరి, నడుమ మెట్లు తప్పినచో భయము లేదు. మేళము తిరిగి కట్టించిన చాలును. గిటారునకు మెట్లు కొయ్యలో దిగగొట్టి యుండును గనుక ఇంత సులువు కాదు. మైనము ఎండకు మెత్తబడును. మన వేసవి ఎండలో మోసికొని వచ్చిన వీణకు ఈ మరమ్మతు తప్పకపోవచ్చును. తంత్రులు, బిరడలు, గుర్రముపై ఇత్తడి రేకు కూడ మార్చదగినవే.

ఇప్పుడు విద్యుత్ సాధనము అమర్చిన వీణలును అమ్మకమునకు వచ్చుచున్నవి. విద్యుత్తు మన సంగీతమునకు పరాయిది కాదు. పాలకొల్లున 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 2014లో కన్నుమూయువరకు విద్యుత్ మాండలిన్ పైననే కర్ణాటక సంగీతమును పలికించినాడు. అయినను వీణను ముందు తీగ తగిలింపక వినవలెను. గట్టిగా వినిపించుట వేరు, చక్కగా పలుకుట వేరు. పిమ్మట తీగ తగిలించి, మీట త్రిప్పునప్పుడు గరగర లేకుండుట చూచుకొనవలెను.

అమ్మువారు యాళి ముఖమును, చెక్కడపు పనిని, ఒక విద్వాంసుడు వాయించినాడను కథను చూపి వెల పెంతురు. చెక్కడము కంటికి, కథ చెవికి ఇంపే. నాదమునకు ఆ రెండును సాక్ష్యములు కావు. ఏనుగు దంతము పొదిగినదని చెప్పినచో మరింత జాగ్రత్త. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, తరువాతి సవరణలతో కలిసి, దంతపు క్రయవిక్రయములను నిషేధించినది. కనుక అట్టి అలంకారము వెలను పెంచదు సరికదా, కొన్నవారికి చిక్కు తెచ్చును.

వెల కట్టుటకు ఒక తేలిక లెక్క. అట్టి క్రొత్త వీణకు పనివారు నేడు ఎంత అడుగుదురో ముందు విచారించి, దానిని 100 పాళ్లనుకొనుడు. మేళము, తంత్రులు, రవాణా కలిసి 20 పాళ్లు పట్టినచో, మిగిలిన 80 పాళ్లు మీరు దాటరాని హద్దు. కొయ్య ఏండ్ల పరీక్షకు నిలిచి, నాదము మీటిన పిదప చాలసేపు సాగుచున్నచో ఆ హద్దు వరకు పోవచ్చును. దండి వంగినచో ఆ లెక్కయే అక్కరలేదు.

హద్దు తెలిసిన తరువాత బేరము ధర్మముగా సాగవలెను. పాత వీణ పెక్కుసార్లు వాయించు చేయి లేకపోయిన ఇంటినుండి వచ్చును. ఆ ఇంటివారికి దాని విలువ తెలియకపోవచ్చును, అవసరము తొందరపెట్టవచ్చును. మంచి వీణను పాత సామాను వెలకు అడుగుట, చెడ్డ వీణను క్రొత్త వెలకు అమ్ముటవంటిదే. వీలైనచో మీ బిడ్డకు నేర్పబోవు ఉపాధ్యాయుని వెంట తీసికొని పొండు. వారు వాయించుచుండగా మీరు పది అడుగుల దూరమున కూర్చుండి, కన్నులు మూసికొని వినుడు. అప్పుడు చెక్కడము కనిపించదు, కథ వినిపించదు. వీణ యొక్కటే తన వెల తాను చెప్పుకొనును.