తిరుగు ప్రయాణమే బరువు



2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మన తీరంలో రొయ్యల గుంటలు ఎట్లా పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సరుకుతోపాటు మనుషులూ విదేశాలకు తిరుగుతున్నారు. మార్చిలో బోస్టన్ సీఫుడ్ ప్రదర్శన, ఆ తర్వాత బార్సిలోనా. రొయ్య దారి పొడవునా మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలని రాసిపెట్టుకునే కంపెనీ, దాన్ని అమ్మబోయే మనిషికి ఎంత నిద్ర కావాలో రాసుకోవడం నేను చూడలేదు.

బోస్టన్ ప్రదర్శన రోజుల్లో అక్కడికీ మనకూ 9.5 గంటల తేడా. ఒంట్లోని గడియారం రోజుకు గంట చొప్పున, అటూ ఇటూగా, సర్దుకుంటుంది. పడమటికి వెళ్లేటప్పుడు కాస్త నయం. తూర్పుకు, అంటే ఇంటికి వచ్చేటప్పుడే ఎక్కువ కష్టం. మనమేమో "వచ్చేశాడుగా, ఇంకేం" అనుకుంటాం. చెన్నైలో దిగి, మన ఊరిదాకా 175 కిలోమీటర్లు సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చి, మర్నాడు పొద్దున్నే ప్లాంటులో ఉండాలి. నన్నడిగితే విమానంకన్నా ఆ హైవేకే భయపడాలి. డ్రైవర్‌ని పంపడం కంపెనీకి ఏపాటి ఖర్చు?

ప్రపంచ బ్యాంకు ఉద్యోగుల వైద్య బీమా క్లెయిములను లెక్కగట్టి 1997లో ఒక అధ్యయనం వచ్చింది. విదేశాలకు తిరిగే మగవాళ్ల క్లెయిములు తిరగనివాళ్లకన్నా 80 శాతం, ఆడవాళ్లవి 18 శాతం ఎక్కువ. అంటురోగాలే కారణమనుకుంటాం గానీ, మానసిక ఒత్తిడి తాలూకు జబ్బులే బాగా పెరిగాయి. 2002లో ఇంకో అధ్యయనం ఇంట్లో ఉండిపోయినవాళ్ల వైపు చూసింది. తరచూ తిరిగేవాళ్ల భార్యల్లో, భర్తల్లో కూడా మానసిక ఆరోగ్య క్లెయిములు ఎక్కువే. పిల్లాడి జ్వరం, అత్తగారి మందులు, కరెంటు బిల్లు అన్నీ ఒక్కరి నెత్తినే పడితే ఇంకేమవుతుంది?

మన ఊరి ఎగుమతి కంపెనీల్లో చాలావాటికి వేరే హెచ్‌ఆర్ విభాగమంటూ ఉండదు. ఫరవాలేదు. వచ్చినవాడికి రెండు రోజులు సెలవులో కోత లేకుండా ఇవ్వండి. అమెరికా బయ్యర్ రాత్రి ఫోన్లు ఆ వారం ఇంకొకరు ఎత్తండి. ప్రయాణం తేదీలు ఇంట్లోవాళ్లను అడిగాకే ఖాయం చెయ్యండి. యోగా క్లాసు పెట్టించడం వీటన్నిటికన్నా తేలికని నాకూ తెలుసు.

నిద్రమాత్ర గురించి ఎట్లాగూ అడుగుతారు, ముందే చెప్తాను. విమానంలో మాత్ర మింగి, పైన మందు తాగి, కదలకుండా పడుకోవద్దు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుంది. అసలు ముప్పు చిన్నదే, కానీ అప్పుడప్పుడూ లేచి నాలుగడుగులు వెయ్యండి. ఇక అడగండి.