తండ్రి పాట, కుమార్తె బాట

ప్రసిద్ధుల యింట పుట్టుట భాగ్యమే. కాని ఆ పేరును ఏ పనికి వినియోగింతురన్నదే అసలు ప్రశ్న. ఈ పూట జమైకా గాయని సెడెల్లా మార్లేను గూర్చి ముచ్చటింతుము.

ఆమె 1967లో జన్మించెను. రెగ్గే సంగీతమును లోకమంతటికి వినిపించిన బాబ్ మార్లే ఆమె తండ్రి. తల్లి రీటాయు గాయనియే. తోబుట్టువులతో కూడి 'మెలొడీ మేకర్స్' బృందమున పాడి, ఆమె గ్రామీ బహుమతులను పొందెను. 1981లో కన్నుమూసిన ఆ తండ్రికి పాట యెంత ప్రియమో, ఫుట్‌బాల్ ఆటయు నంత ప్రియము.

జమైకా మహిళల ఫుట్‌బాల్ జట్టు ధనము లేక మూలబడియుండెను. 2014లో, కుమారుడు బడినుండి తెచ్చిన కరపత్రమొకటి ఆ సంగతిని ఆమెకు తెలిపెను. కొంత చందా యిచ్చి ఆమె ఊరకుండలేదు. సోదరులతో కలసి పాట పాడి నిధులు కూర్చెను. తండ్రి పేరి సంస్థచేత సాయము చేయించెను.

2018 అక్టోబరులో పనామాను పెనాల్టీలలో గెలిచి, ఆ జట్టు 2019 ప్రపంచ కప్పునకు అర్హత నొందెను. కరీబియన్ దీవులనుండి అట్టి మహిళా జట్టు అదియే మొదటిది. అచట ఆడిన మూడు ఆటలును ఓడిరి. అయినను 2023లో ఫ్రాన్సును, బ్రెజిలును నిలువరించి తుది పదునారు జట్లలో నిలిచిరి.

పరుగెత్తినది ఆ బాలికలే. ఆమె దారి చూపినది. మైక్రోఫోను ముందు కూర్చుండు మాకు గొంతు విలువ తెలియును. పలుకుబడి లేనివారి పక్షమున పలికిననాడే పలుకుబడికి సార్థకత యని మా నమ్మకము.