పింఛను పునఃపరిశీలన: అప్పీలు ఖర్చు ఎవరు భరించాలి?

(పెదపారుపూడిలో దివ్యాంగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

2024 జూలైలో దివ్యాంగుల పింఛను నెలకు రూ.3,000 నుండి రూ.6,000కు పెరిగింది. మంచానికే పరిమితమైనవారికి రూ.15,000 అయింది. 2025 జనవరిలో వైద్య బృందాల పునఃపరిశీలన మొదలైంది. ఆగస్టులో, వైకల్యం 40 శాతానికి తక్కువగా తేలిందంటూ నోటీసులు వచ్చాయి. నిరసనల తరువాత, అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. వాటిని ఏరివేయవలసిందే. కానీ ఆ ఏరివేతకయ్యే ఖర్చు నిజమైన వికలాంగుని జేబులోనుండి పోతున్నది. నేను తోడు వెళ్ళిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. నడవలేని కొడుకును ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆ రోజు వైద్యులు రాలేదన్నారు. రెండవసారి పాత రికార్డు తెమ్మన్నారు. మూడవసారి పరీక్ష జరిగింది. మూడు సార్లూ ఆటో కిరాయి, తండ్రి కూలి, తల్లి కూలి పోయాయి. పింఛను పోతే ఏడాదికి రూ.72,000 నష్టం కనుక వారు అప్పు చేసి తిరిగారు. తిరగలేనివారు ఇంట్లోనే ఉండిపోతారు. వారిని కార్యాలయం 'గైర్హాజరు' అని వ్రాసుకుంటుంది.

నేను గుమాస్తాగా పనిచేసినవాడిని. కాగితం సంగతి కొంత తెలుసు. అప్పీలు మండలంలో ఎంపీడీవో గారికి, పట్టణంలో మునిసిపల్ కమిషనర్ గారికి ఇవ్వాలి. రెండు ప్రతులు వ్రాయండి. రెండవ ప్రతిపై తేదీ, ముద్ర, ఇన్‌వర్డు నంబరు వేయించుకోండి. నోటితో చెప్పి వచ్చినది ఏ రిజిస్టరులోనూ ఉండదు. వైద్యులు ఏ ప్రాతిపదికన శాతం తగ్గించారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం క్రింద నివేదిక నకలు అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబివ్వాలి.

మన ఇళ్ళలో మరొక చిక్కు పేర్లది. సర్టిఫికెట్టులో 'ఎస్.కె.', ఆధార్‌లో 'షేక్'. ఒకచోట 'మహమ్మద్', ఇంకొకచోట 'మొహమ్మద్'. ఆడపిల్లల పేరు చివర ఒకచోట 'బేగం', ఇంకొకచోట 'బీ'. మనిషి ఒక్కడే అయినా కంప్యూటరు ఇద్దరనుకుంటుంది. పరీక్షకు వెళ్ళేముందే దీనిని సరిచేయించుకోవడం మంచిది. డాక్టరుగారి బల్ల దగ్గర వాదించి లాభం లేదు.

శాతం లెక్కింపు విషయం చాలామందికి తెలియదు. రెండు వైకల్యాలున్నవారికి రెండింటినీ కలిపి లెక్కించాలి. అయితే మామూలు కూడిక కాదు. కాలికి 30 శాతం, చెవికి 20 శాతం అనుకోండి. 90లోనుండి 30 తీసివేస్తే 60. ఆ 60ని 20తో గుణించి 90తో భాగిస్తే 13 పైచిలుకు. దానిని 30కి కలిపితే 43 దాటుతుంది, అంటే అర్హతే. కాలు మాత్రమే చూసి పంపితే అదే మనిషి అనర్హుడవుతాడు. కనుక రెండవ లోపం ఉంటే అప్పీలులోనే వ్రాయండి. చెవి పరీక్ష, కంటి పరీక్ష కూడా జరపమని అడగండి. స్త్రీలు పరీక్షకు సంకోచించి సగంలో వెనుదిరగడం చూశాను. మహిళా వైద్యురాలు గానీ, కనీసం నర్సు గానీ ఉండాలని ముందుగా అడగడంలో తప్పేమీ లేదు.

అరవై ఏళ్ళు దాటినవారు అప్పీలుతో పాటు, దివ్యాంగుల పింఛను నిలిచిపోతే రూ.4,000 వృద్ధాప్య పింఛనైనా ఇవ్వమని వ్రాసుకోవాలి. వికలాంగులకు, స్త్రీలకు 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. గుడివాడ కోర్టులో మండల న్యాయసేవా కమిటీని అడగండి; 15100కు ఫోను చేసినా చాలు. వకీలు ఫీజుకు భయపడి ఆగిపోకండి. మండలంలో కదలకపోతే సోమవారం మచిలీపట్నం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి.

మసీదు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రతి ఏటా జకాత్, సదఖాలు పంచుతున్నాము. అందులో కొంత భాగం ఆసుపత్రికి వెళ్ళే ఆటో కిరాయికి కేటాయించలేమా? కదలలేని మనిషిని గుడివాడ తీసుకువెళ్ళి తీసుకురావడానికి ఒక బండి, తోడుగా చదువుకున్న ఒక కుర్రవాడు కావాలి. బీరువాలో ఉన్న పాత సర్టిఫికెట్టును పదిలంగా ఉంచుకోమని చెప్పేవారు కూడా కావాలి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకుండా జిరాక్సే ఇవ్వమని చెప్పాలి.

నోటీసు అందినవారు సభ ముగియగానే ఆ బల్ల దగ్గరకు రండి. ఆధార్, పాత సర్టిఫికెట్టు, నోటీసు ఉంటే అప్పీలు మేమే వ్రాసిపెడతాము. రానివారి ఇళ్ళు తెలిసినవారు మాకు చెప్పండి.