గుల్లగూడ దగ్గర ఆగిన ఇంజను



హైదరాబాద్ నుంచి రైల్లో పడమరగా పోతే శంకర్‌పల్లి, అది దాటాక గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్లు వస్తాయి. 2022 మార్చి 4న ఆ రెండింటి మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజను, అదే లైన్లో ముందున్న మరో ఇంజను వైపు వెళ్లింది. ఇంకా 380 మీటర్ల దూరం ఉండగానే, రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థ దాన్ని తనంతట తానే ఆపేసింది.

పట్టాల మధ్య బిగించిన ట్యాగు ఇంజను ఎక్కడుందో చెబుతుంది. సిగ్నల్ సంగతి స్టేషన్ నుంచి రేడియోలో అందుతుంది. లోకో పైలట్ బ్రేకు వేయకపోతే ఇంజనులోని కంప్యూటర్ వేస్తుంది. ఈ పరికరాన్ని మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. అసలు కష్టం దాన్ని అమర్చడంలో ఉంది. కవచ్ ఊహ కూడా లేని రోజుల్లో కట్టిన ఇంజన్లలో దానికి చోటు వెతకాలి, పాత బ్రేకు గొట్టాలతో, పాత వైరింగుతో దానికి పొత్తు కుదర్చాలి. కొత్త ఇంజనుకు బొమ్మ గీయడంకన్నా ఇదే పెద్ద విద్య అని నా నమ్మకం. ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయాలు ముందు అర్థమైతే తప్ప అందులో చెయ్యి పెట్టలేం.

డీజిల్ ఇంజన్ల విషయంలోనూ ఇలా పాతవాటిని మార్చే పనే జరిగింది. వారణాసిలో 1964 నుంచి తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజను 2600 అశ్వశక్తిది. పటియాలాలో అలాంటివాటిని విప్పి, చట్రం ఉంచుకుని, 3100 అశ్వశక్తికి పెంచారు. ఇంకో మార్పు డీజిల్ ఆదా కోసం. గూడ్సు బండి లూపు లైన్లో సిగ్నల్ కోసం గంటల తరబడి నిలబడితే పెద్ద ఇంజను ఊరికే తిరుగుతూ గంటకు సుమారు 25 లీటర్ల డీజిల్ తాగుతుంది. పక్కన చిన్న సహాయక ఇంజను పెడితే 3 లీటర్లతో సరిపోతుంది. ఆ మిగిలిన డీజిల్ పొగై పట్టాల పక్క ఇళ్ల మీద పడదు. 2018లో వారణాసివారు ఇంకా ముందుకు వెళ్లి, రెండు గూడ్సు డీజిల్ ఇంజన్లను కలిపి 10,000 అశ్వశక్తి జంట విద్యుత్ ఇంజనుగా మార్చారు.

డిగ్రీ పట్టా అందుకుంటున్న మీలో కొందరికైనా ఇలాంటి పని దొరకాలని నా కోరిక. దొరికితే, కంప్యూటర్ తెరవకముందు మౌలాలి లోకో షెడ్డుకో కాజీపేట షెడ్డుకో వెళ్లండి. షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసిన ఫిట్టరన్నను పక్కన నిలబెట్టుకుని, మీరు మార్చబోయే ఇంజను ఎక్కడ మొరాయిస్తుందో అడిగి రాసుకోండి.